చక్రాల ఓడలో వందనాలమ్మ

వేసవి వస్తే నా పని చెయ్యి అందించడం. భావనపాడు జెట్టీకీ ఓడకీ మధ్య ఒక బల్ల వేస్తారు. దాని మీద అడుగు పెట్టగానే కింద నీళ్ళు కనిపిస్తాయి. ఎంత గట్టి మనిషైనా అక్కడ ఒక్కసారి ఆగిపోతాడు. మొదట్లో నేను ఓడకి ఎదురుగా జెట్టీ మీద నిలబడి, "రా తల్లీ, కిందకి సూడకు, నా మొకం సూడు" అని చెయ్యి పట్టుకుని దాటించేదాన్ని. అందరూ ఎక్కాక ఆఖరున నేను ఎక్కేదాన్ని.

ఈ ఓడ మాది కాదు, మా వైపుదీ కాదు. ఎక్కడో బెంగాలు నదుల్లో తిరిగి తిరిగి మూలపడ్డ పాతకాలపు స్టీమరట. ఎవరో కొని, బాగుచేయించి, రంగులు వేయించి, వేసవిలో జనాన్ని ఒక పగలంతా సముద్రం మీద తిప్పుతామని ఇక్కడికి తెచ్చారు. దీనికి రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలుంటాయి. చక్రం నిండా చెక్కపలకలు. అవి తిరుగుతుంటే నీళ్ళను చేటతో చెరిగినట్టు ఉంటుంది. తుంపర వచ్చి మొహం మీద పడుతుంది. పట్నం నుంచి వచ్చిన అమ్మాయిలు "అబ్బా" అంటూ ఫోన్లు చీరకొంగుల్లో దాచుకుంటారు. మళ్ళీ ఆ చక్రం దగ్గరికే పోయి నిలబడతారు. సముద్రం బాగుంటేనే కదుపుతారు, అదీ ఒడ్డు కనిపించేంత దూరంలోనే. పొద్దున్న భావనపాడు నుంచి బయలుదేరి బారువ దాకా పోయి, అక్కడ లంగరు వేసి అన్నాలు తిని, సాయంత్రానికి వెనక్కి.

అంతకుముందు నేను పలాసలో జీడిపిక్కలు కొట్టేదాన్ని. చేతులన్నీ జీడితో నల్లబడిపోయి ఉండేవి. ఇప్పుడూ ఆ మచ్చలు పూర్తిగా పోలేదు. మా ఆయన కిడ్నీలు పోయి చచ్చిపోయాక టెక్కలి దారిలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వచ్చేశాను. ఓడ మేనేజరు ఒక కుర్రాడు. ఎక్కే ఆడవాళ్ళు మగవాళ్ళ చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నారని, ఒక ఆడమనిషి కావాలని మా చెల్లెలి మొగుడితో అన్నాడట. అలా వచ్చాను.

మొదటి రోజే తప్పు జరిగిపోయింది.

ఓడ నడిపే సరంగు భావనపాడు మనిషే. నల్లగా, పొడుగ్గా, మాట కరుగ్గా ఉంటాడు. వరసేమీ లేకపోయినా నేను మావా అంటాను, అతను నన్ను అప్పా, అంటే అక్కా, అంటాడు. రోజూ ఓడ కదిలే ముందు చక్రం మీద కప్పిన చెక్కపెట్టెకి పసుపు రాసి, కర్పూరం వెలిగించి, గంగమ్మకి కొబ్బరికాయ కొడతాడు. ఆ మొదటి రోజు నన్ను పైనుంచి కిందకి చూశాడు. నా నుదురు చూశాడు, బొట్టు లేదు. నా చేతులు చూశాడు, గాజులు లేవు.

"ఏటప్పా, కిరస్తానపోలా?" అన్నాడు.

నేను కాదనే చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే నా నెత్తి మీద ఓడ కూత వేసింది. ఆ కూత ఎప్పుడైనా విన్నారా? జెట్టీ మీది కాకులన్నీ లేచిపోతాయి. నేను ఉలిక్కిపడి తల ఊపేశాను. అతను దాన్ని అవును అనుకున్నాడు.

"మంచిది మంచిది. వందనాలప్పా," అని పైకి వెళ్ళిపోయాడు.

మా వైపు తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇక్కడ బాప్టిస్టు కుటుంబాలు చాలా ఉన్నాయి. కలిస్తే వందనాలు అనుకుంటారు. వాళ్ళల్లో మొగుడు రాయిలా ఉన్న ఆడది కూడా బొట్టు పెట్టదు. కాబట్టి బోసి నుదురు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. అదే మా ఇళ్ళల్లో అయితే బోసి నుదురంటే ఒకటే అర్థం. సముద్రం మీదికి పోయేవాడికి మొగుడు పోయిన ఆడది ఎదురు వస్తే వల ఒడ్డునే పడేసి ఇంటికి పోతాడు. సరంగు మరీను. అతని అన్న ఒకసారి సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. ఆ పొద్దున్న అన్నకి ఎవరు ఎదురొచ్చారో అని అతను ఇప్పటికీ గుర్తు చేసుకుంటూ ఉంటాడు. అలాంటివాడికి నేను ఫలానా అని చెప్తే ఆ నిమిషమే పంపించేసేవాడు.

నేను మర్నాడు చెప్దామనుకున్నాను. మర్నాడు కూడా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. మా ఆయన పోయాక పెళ్ళిళ్ళలో నేను వెనక వరసలో కూర్చునేదాన్ని. అక్షింతలు అందరి చేతుల్లోకీ వచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కకి తిరిగేది. ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. పళ్ళెం తిరిగేది, అంతే. ఇక్కడ చూస్తే ప్రతి మనిషీ ముందు నా చెయ్యే పట్టుకుంటున్నాడు. తాళికి కట్టిన పసుపుతాడు ఇంకా పచ్చగా ఉన్న పెళ్ళికూతుళ్ళు కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గోళ్ళు గుచ్చి మరీ దాటేవాళ్ళు. ఒక అత్తగారు కోడల్ని తెచ్చి, "ఈ అప్ప సెయ్యి పట్టుకో, బయం నేదు" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తప్పు చేస్తున్నానా అనిపించింది. అయినా మర్నాడు పొద్దున్న మొదటి ఆటో ఎక్కేశాను.

ఓడలో పనివాళ్ళందరికీ నేను వందనాలమ్మనైపోయాను. బాయిలరు దగ్గర ఉండే ఆయన కిందనుంచే "వందనాలమ్మా, జనం ఎంతమందెక్కారు?" అని అరిచేవాడు. నేను అరిస్తే ఆ చక్రాల మోతలో కూడా వినిపిస్తుంది. నా గొంతు అలాంటిది. పీచు తీయని కొబ్బరికాయలా గరగరలాడుతుంది. మేనేజరు మైకు పక్కన పెట్టేసి నాచేతే చెప్పించేవాడు: "అటు పక్కకందరూ ఎల్లిపోకండి, ఓడ ఒరిగిపోతాది! ఎడమపక్కోలు ఎడమపక్కే ఉండండి!"

సముద్రం మీద నుంచి చూస్తే మా ఉద్దానం వేరేగా ఉంటుంది. పుట్టిన దగ్గర నుంచీ కొబ్బరితోటల లోపలే తిరిగినదాన్ని. బయట నుంచి ఎప్పుడు చూశాను? ముందు ఇసుక, దాని వెనక సరుగుడు, దాని వెనక కొబ్బరి, అన్నిటికీ వెనక మహేంద్రగిరి నీలంగా. వజ్రపుకొత్తూరు దాటేటప్పుడు మా అత్తవారి ఊరి తోట కనిపిస్తుంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ తోటలో పనులే కనిపించేవి. ఓడ మీద నుంచి చూస్తే తోట ఒక్కటే కనిపిస్తుంది. అక్కడికి రాగానే చక్రం పక్కన నిలబడతాను. జనం డాల్ఫిన్లు ఎక్కడని అడుగుతారు. "ఉంతాయమ్మా, మిమ్మల్ని సూడ్డానికి వొత్తాయి" అంటాను. వస్తే వస్తాయి, రాకపోతే రావు.

వైశాఖం ఎండల్లో ఒక రోజు టెక్కలి వైపు నుంచి ఒక చర్చి ఆడవాళ్ళు వచ్చారు. ముప్పైమందికి పైగా ఉంటారు. పెద్ద పెద్ద క్యారేజీలు, మంచినీళ్ళ డబ్బాలు, పాటల పుస్తకాలు. వాళ్ళకి పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. మనిషి పొట్టి, కళ్ళజోడు పెద్దది. నా చెయ్యి పట్టుకుని దాటుతూనే సరంగు మాట చెవిన వేసుకుంది. అతను పైనుంచి, "వందనాలమ్మా, మీవోలే కదా, బాగా సూసుకో!" అని అరిచాడు.

"ఓలమ్మ, మనదానివేనా! ఏ సంఘమమ్మా మీది?" అంది టీచరమ్మ.

"ఇక్కడే," అన్నాను.

"ఇక్కడంటే ఎక్కడ?"

"ఆ పక్కన," అని ఎండుచేపల కళ్ళం వైపు చెయ్యి చూపించి, ఇంకొకామె చెయ్యి పట్టుకున్నాను. బతికాను అనుకున్నాను.

దారంతా పాటలు పాడారు. చప్పట్లు కొడుతూ భలే పాడారు. నేను దూరదూరంగా తిరిగాను. బారువ దగ్గర లంగరు వేశారు. చక్రాలు ఆగిపోయాయి. అంత మోత ఆగిపోయేసరికి చెవులు గుయ్యిమన్నాయి. క్యారేజీలు విప్పారు. కోడికూర, గుడ్లు, పెరుగన్నం. సరంగుకీ పనివాళ్ళకీ కూడా ఆకులు వేశారు. సరంగు వచ్చి కూర్చున్నాడు. అప్పుడు టీచరమ్మ అంది:

"రోజూ నా ప్రార్దనే కదా. ఈ పూట వందనాలమ్మ సేత్తాది. లెగమ్మా."

ముప్పైమంది కళ్ళు మూసుకున్నారు. సరంగు కూడా మర్యాదకి తల వంచాడు. నేను లేచి నిలబడ్డాను. పలాసలో నాతో జీడిపిక్కలు కొట్టినవాళ్ళల్లో చర్చికి పోయేవాళ్ళున్నారు. వాళ్ళు అన్నం ముందు ఏమంటారో కొంచెం గుర్తుంది.

"ప్రబువా," అన్నాను. బాగానే వచ్చింది. "ఈ అన్నం... ఈ బోజనం ఇచ్చినావు." అదీ బాగానే వచ్చింది. తరవాత ఏముంటుందో తెలియలేదు. ఎండ, ఓడ ఊగడం, అందరూ కళ్ళు మూసుకుని నా కోసం ఎదురుచూడడం. నోరు దాని అలవాటు కొద్దీ అది పోయింది. "ఈలందర్నీ సల్లగా సూడు, గంగమ్మ తల్లీ!"

ముప్పై జతల కళ్ళు తెరుచుకున్నాయి. ఒకామె కిసుక్కున నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంక దాచి ఏం లాభం? "నాను కిరస్తానం కాదమ్మా," అన్నాను. "ఆ ఓడ కూతకి జడిసి తలూపేసినాను. అప్పుట్నుంచి సెప్పనేకపోయాను. తప్పయిపోనాది."

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆ తల్లి పేరు మాకొద్దు గానీ, సల్లగా ఉండాలన్న మాట మంచిదే. దానికి ఆమేన్," అంది. అందరూ ఆమేన్ అన్నారు. నవ్వులు, గిన్నెల చప్పుడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

సరంగు మాత్రం నవ్వలేదు. నా నుదురే చూస్తున్నాడు.

"మరి కిరస్తానం కాకపోతే బొట్టేదప్పా?"

"మా ఇంటాయన పోయి నాలుగేళ్ళయినాది మావా."

అన్నం ముద్ద ఆకులో పెట్టేశాడు. "ఈ ఏసవంతా నా ఓడకి ఎదురు నిల్సున్నావా?"

టీచరమ్మ ఊరుకోలేదు. "నిల్సుంటే? ఏటైనాది? మునిగిపోనాదేటి?"

"తెలీనప్పుడు దోసం నేదమ్మా. తెలిసినాక ఉంతాది."

"బాగున్నాది! ఇదిగో, ఈ గుంపులో మొగుళ్ళు పోయినోలం ఏడుగురం ఉన్నాం, నాతో కలిపి. మమ్మల్ని బారువలో దించేత్తావా?"

"మీరు టికెట్టోలు," అన్నాడు సరంగు.

"టికెట్టు తీత్తే దోసం పోద్దా? అయితే దీనికీ ఓ టికెట్టు కొట్టించు!"

అందరూ పడీపడీ నవ్వారు. బాయిలరు ఆయనకి పొలమారింది. సరంగు మొహం ఇంకా నల్లబడింది. నన్ను చూసి నెమ్మదిగా, కోపం లేకుండానే అన్నాడు: "రేపట్నుంచి బల్లకాడ నాకు ఎదురు రాకప్పా. లోపల గిన్నెలు తోముకో. నాకు ముప్పైమంది పేనాలు సేతిలో ఉంతాయి."

కోపంగా అంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. నెమ్మదిగా అన్నాడు. తిరుగు ప్రయాణంలో చక్రం పక్కన కూర్చున్నాను. తుంపర మీద పడుతున్నా లేవలేదు. గిన్నెలు తోమడం నాకు చిన్నతనం కాదు, ఎప్పుడూ తోమినవే. కానీ మళ్ళీ పళ్ళెం పక్కకి తిరిగినట్టే కదా. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మండుతూ మండుతూ అతనన్న మాటే నాలో నేను పదిసార్లు అనుకున్నాను. ఎదురు రాకు. ఎదురు రాకు. ఎదురు అంటే ఏమిటి? ఒకరు వస్తుంటే ఇంకొకరు అవతల నుంచి రావడం. కదలకుండా ఉన్నదాన్ని ఎదురు వచ్చింది అంటారా?

ఆ రోజు భావనపాడులో అందరినీ ఎప్పటిలాగే చెయ్యిపట్టి దించాను. టీచరమ్మ దిగుతూ, "పని మానీకు. మళ్ళీ వొత్తాం, నువ్వే ఎక్కించాల," అంది.

మర్నాడు మొదటి ఆటో కోసం కూడా ఆగకుండా చేపల వ్యాను ఎక్కి వచ్చేశాను. జెట్టీ మీద వలలు బాగుచేసుకునేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. రాత్రి ఓడలో పడుకున్న బాయిలరు ఆయన అప్పుడే బల్ల వేస్తున్నాడు. దాటి లోపలికి వెళ్ళి, బల్లకి ఓడవైపు కొసన, ఓడలోనే నిలబడ్డాను. మొహం ఒడ్డు వైపు.

సరంగు వచ్చాడు. స్నానం చేసి, కర్పూరం బిళ్ళలు జేబులో వేసుకుని, కుడిచేతిలో కొబ్బరికాయ పట్టుకుని బల్ల మీద సగం దాకా వచ్చి తల ఎత్తాడు.

"ఓలప్పా! ఒద్దన్నాను కదా!"

"ఎదురు రావద్దన్నావు. నాను రానేదు. ఉన్నకాడే ఉన్నాను. నువ్వే నాకు ఎదురొచ్చావు మావా."

అతను ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు. కింద నీళ్ళు బల్లని తాకుతున్నాయి.

"సూడు," అన్నాను. "నువ్వు ఓడ ఎటు తిప్పితే నా మొకమూ అటే తిరుగుతాది. ఓడలో ఉన్నదాన్ని ఓడకి ఎదురెలాగౌతాను? అందరికన్నా ముందెక్కుతాను, అందరికన్నా ఎనక దిగుతాను. ఇంక నీకు ఎదురెప్పుడొత్తాను, సెప్పు."

బాయిలరు ఆయన కిందనుంచి తల బయట పెట్టి, "నాయమే కదేటి!" అన్నాడు.

"నువ్వు నోర్ముయ్యి," అన్నాడు సరంగు. సముద్రం వైపు తిరిగి చూశాడు. అతను ఏం లెక్క వేసుకున్నాడో నాకు తెలియదు. అన్న గుర్తొచ్చాడేమో. "జరుగు, దాటాల," అన్నాడు చివరికి.

"జరగను. బల్ల తడిగున్నాది. బేగి సెయ్యియ్యి."

అతను బల్ల వైపు చూసుకున్నాడు. తడిగానే ఉంది. కొబ్బరికాయ ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి నాకు ఇచ్చాడు.