మట్టి కప్పిన ద్రాక్ష తీగలు

"మీ బాబాయ్ ఇక లేరమ్మా" అని ఫోన్ చేసింది పిన్ని. కాసేపు ఏడ్చి, "తీగలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి" అంది. కొలరాడో కొండల మీద మంచు ఇంకా కరగలేదు. డెన్వర్ నుంచి డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఆ రెండో మాటే నా చెవుల్లో ఉండిపోయింది.

బాబాయ్ హైదరాబాద్ శివార్లలోని ద్రాక్ష తోటల మధ్య పెరిగాడు. ఇక్కడ ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఉన్నట్టుండి మానేసి, ఏడు వేల అడుగుల ఎత్తున ఒక కొండవాలులో వైన్ ద్రాక్ష నాటాడు. అంత ఎత్తులో ద్రాక్షేమిటని మేమంతా నవ్వాం. ఆయన కోరిక ఒక్కటే. మా తెలుగు చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల మీద, స్టోర్‌లో కొన్న సీసా బదులు, ఒక్క ఆదివారమైనా తన తోట ద్రాక్షారసం పెట్టాలి.

మొదటి ఏడాది అక్టోబర్ రాగానే కత్తెర పట్టాడు. హైదరాబాద్‌లో కాపు కోసం కొమ్మలు కత్తిరించేది అప్పుడే మరి. ఇక్కడేమో చలికాలమంతా తీగ నిద్రపోవాలి, కత్తెర వసంతంలోనే పట్టాలి. ఆ చలికి సగం తోట పోయింది. "మన దగ్గర తీగకి నిద్రంటే తెలీదమ్మా. ఆ సంగతి నాకు తట్టలేదు" అన్నాడు, ఎవరి తోట గురించో చెబుతున్నట్టు.

తర్వాత నుంచి ఆకు రాలగానే తీగల్ని నేల మీదికి వంచి మట్టి కప్పేవాడు. ఆ వరసల మధ్య మేం గట్టిగా మాట్లాడితే, "మెల్లిగా, పడుకున్నాయి" అనేవాడు. నాకు లేఆఫ్ అయి, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాల్సిన వీసా గ్రేస్ పీరియడ్ నడుస్తున్నప్పుడు ఆయన దగ్గరికే వెళ్లాను. ధైర్యం చెప్పలేదు, చేతికి పార ఇచ్చాడు. ఆ మేలు నేను మర్చిపోలేను.

చర్చిలో పిల్లలు "అంకుల్, ఈ ఇయర్ గ్రేప్స్ వస్తుందా?" అని అడిగేవారు. "తీగల్ని అడిగి చెప్తాను" అనేవాడు. వచ్చేవి కావు. మే నెలలో చిగుళ్లు వేయడం, ఆ వెంటనే మంచు కురిసి అవి నల్లగా మాడిపోవడం, ప్రతి ఏడూ ఇంతే. గుండె బలహీనపడింది, ఆ ఎత్తు నుంచి దిగిపొమ్మని డాక్టర్ చెప్పినా వినలేదు. "తీగలు దిగి రావుగా" అన్నాడు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కోపమే.

సమాధి దగ్గర పాస్టర్‌గారు "మన సహోదరుడు ప్రభువునందు నిద్రించాడు" అన్నారు. మాలో చనిపోయినవాళ్ల గురించి అలాగే అంటాం. ఎన్నోసార్లు విన్న మాటే, ఆ రోజు మాత్రం వినలేకపోయాను. తర్వాతి ఆదివారం ప్రభు బల్ల మీద స్టోర్ సీసానే ఉంది.

మంచు కరిగాక పిన్నీ నేనూ పార పట్టుకుని తోటలోకి వెళ్లాం. బాబాయ్ నేర్పినట్టే మట్టి తీసి, బెరడుని గోటితో గీరి చూశాం. ప్రాణముంటే లోపల పచ్చగా కనబడాలి. మొదటి తీగ గోధుమరంగు. రెండోదీ అంతే. వరస తర్వాత వరస గీరుకుంటూ వెళ్లాం, ఎక్కడా పచ్చదనం లేదు.

చివరి తీగ దగ్గర నేను వంగబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "దీన్ని చూడొద్దులే" అంది. తీసిన మట్టిని రెండు చేతులతో మళ్లీ దాని మీదికి నెట్టింది. నేను ఏదో అనబోయాను.

"మెల్లిగా" అంది పిన్ని.