నూనె తాగిన సానరాయి

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది ఆషాఢంలో నన్ను జియాలజిస్టుగా మాచర్లకు బదిలీ చేశారు. అదే నా చివరి పోస్టింగ్. రాయిని గుర్తించడంలో మాకొక నియమం ఉంది: ఎండకూ వానకూ రంగు మారిన పైభాగాన్ని నమ్మకూడదు, సుత్తితో పగలగొట్టి లోపలి ముఖం చూడాలి.

ఆ ఊళ్లో క్షౌరశాల నడిపే అన్నదమ్ములు మస్తాన్, ఖాదర్ ఒకరోజు ఆఫీసుకు వచ్చారు. మంగలికత్తులు నూరుకునే తమ తండ్రి సానరాయిని తమ్ముడు అమ్ముకుని మరోటి పెట్టాడని అన్న మస్తాన్ అనుమానం. నూరే పనంతా ఇంటి దగ్గర తమ్ముడే చేసేవాడు, అన్న ఆ రాయిని చూసి ఏళ్లయింది. మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసాలు విన్నవాడు గనక నా తీర్పు కోరాడు.

"మా నాయన రాయి పెసర రంగు సార్, మధ్యలో నల్లచార. ఇదేమో కాటుక," అన్నాడు మస్తాన్.

"నాయన నీళ్లేసి నూరేవాడు, నేను మిషన్ నూనె ఏస్తన్నా. పదేళ్లుగా తాగి తాగి నల్లబడింది," అన్నాడు ఖాదర్.

"రాయి నూనె తాగిద్దంటరా? ఇంకా నయం, అన్నం తినిద్దన్లా," అన్నాడు మస్తాన్.

నేను నవ్వాను. విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న పుకారును వీధివీధినా ఎండగట్టినవాణ్ని. సానరాయిని పగలగొట్టలేను. రాయి జాతి తేల్చే యాసిడ్ సీసా జీపులో ఉంది. లేచి వెళ్లలేదు. నున్నటి నలుపు చూసి, ఇది మన పల్నాటి నాపరాయి, నలుపు దీని సొంత రంగే అన్నాను.

ఖాదర్ రాయిని నా బల్ల మీదే వదిలేశాడు. "ఉంచుకోండి సార్. నాపరాయేగా." గవర్నమెంటు సారే తేల్చాడని మస్తాన్ బజారంతా చెప్పాడు. వారం తిరక్కుండా తమ్ముడు వినుకొండ వెళ్లిపోయి వేరే షాపులో కుర్చీ దగ్గర పనికి కుదిరాడు.

ఆ రాయిని మా గుమస్తా కాగితాల మీద బరువుగా పెట్టేవాడు. ఒకనాడు దాని కింది ఫైలు మీద నూనె మరక కనిపించింది. రాయిని రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టి, సబ్బుతో కడిగి, ఒక అంచును గరుకు కాగితంతో రుద్దాను. పెసర రంగు తేలింది. మధ్యలో నల్లచార. అంచు మీద యాసిడ్ చుక్క వేస్తే నురగ రాలేదు. సున్నపుజాతి నాపరాయి అయితే బుసబుస పొంగేది. ఇట్లాంటి రాళ్లలో సన్నటి రంధ్రాలుంటాయి, నూనె పీలుస్తాయి. భూమిలో ముడిచమురు నిలిచేదే అట్లాంటి రాళ్లలో. ఇది మా మొదటి సంవత్సరం పాఠం.

మస్తాన్ షాపుకు వెళ్లి, గిరాకీల ముందే తప్పు నాదని చెప్పాను. అతను రాయి మీద బొటనవేలు నడిపాడు.

"మీ మాట మీరు వెనక్కి తీసుకున్నారు సార్. పదిమందిలో వాణ్ని దొంగన్నా. ఆ మాట నేనెట్టా తీసుకోను?"

ఇద్దరం వినుకొండ బస్సెక్కాం. ఖాదర్ రాయిని తీసుకుని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. అన్న ఏదో అనబోతే, అతను వాకిట్లోకి తిరిగి, "సారుకి టీ చెప్పండయ్యా," అన్నాడు. ఒక్క టీయే వచ్చింది.

పరీక్షించకుండా నమ్మడం మూఢత్వమని ముప్పయ్యేళ్లు వేదికలెక్కి చెప్పాను. పరీక్షించకుండా కొట్టిపారేయడమూ మూఢత్వమే. దానికి హేతువాదమని పేరు పెట్టుకుంటే గుర్తుపట్టడం ఇంకా కష్టం. రిటైరయ్యేదాకా, లోపలి ముఖం చూడని ఏ రాయికీ నేను మళ్లీ పేరు చెప్పలేదు.