ఎండకు చెదరని చూపు

1994 ఫిబ్రవరిలో మా పత్రిక మూడో పేజీలో వచ్చిన నలుపు తెలుపు ఫొటో అది. మా ఊరి శివారు కోహ్కా దగ్గర ఇనుప కడ్డీలు తీసే ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లు గేటు, పొద్దుటి షిఫ్టుకు వెళ్తున్న జనం. ఎండ ఎదురుగా కొడుతోంది. అందరూ కళ్ళు చికిలించారు. ఒకడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మధ్యలో ఒక ముసలాయన మాత్రం కళ్ళు పూర్తిగా తెరిచి నేరుగా చూస్తున్నాడు. ఆయన ఎడమచెయ్యి పక్కవాడి సైకిల్ క్యారియర్ మీద ఉంది.

తీసింది పవర్‌హౌస్ బజారులో స్టూడియో ఉన్న హార్వే. ముసలాయనకు తెలియకుండానే తీశాడు. పేజీ అచ్చుకు వెళ్ళిపోయే వేళ రెండు నిమిషాల్లో ఫొటో కింది వాక్యం రాసింది నేను: 'ఎండకు చెదరని చూపు, చెయ్యి విడవని స్నేహం.' మెచ్చుకుంటూ పదకొండు ఉత్తరాలొచ్చాయి.

ఆయన పేరు అప్పలకొండ. విజయనగరం వైపు నుంచి వచ్చి ఆ మిల్లులో ఇరవై ఆరేళ్ళు చేశాడు. మూడేళ్ళుగా చూపు లేదు. కడ్డీల కట్టలకు తీగ బిగించే పని తడుముకుంటూ చేసేవాడు. ఇంటినుంచి గేటుదాకా, గేటునుంచి షెడ్డుదాకా, ఫొటోలో పక్కనున్న చినబాబు సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళేవాడు. ఆ క్యారియరే ఆయనకు దారి.

రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. అన్‌ఫిట్ అని తేలితే పనీ, మిల్లు ఇచ్చిన రెండు గదులూ పోతాయి. ఏటా కంటి పరీక్ష ఉండేది. గోడమీది చార్టు ఎప్పుడూ మారదు. కూతురు అమ్ము దగ్గర ఆ ఇంగ్లీషు అక్షరాలన్నీ వరసగా బట్టీపట్టి, మూడుసార్లు గట్టెక్కాడు.

ఫొటో వచ్చిన వారానికి మిల్లు డాక్టరు ఆయన్ని పిలిపించాడు. చినబాబును గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపల అప్పలకొండ పైవరస నుంచి కిందివరస దాకా ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పాడు. డాక్టరు చివరిదాకా విన్నాడు. చార్టు అంతకుముందే గోడమీంచి దింపేసి ఉంది. బల్లమీద మా పత్రిక ఉంది. అంత ఎండలో రెప్ప వాల్చని మనిషికి చూపుంటుందా అని డాక్టరుకు అనుమానం వచ్చిందట.

డాక్టరుది తప్పనలేను. కాలిన ఇనుము మధ్య చూపు లేనివాణ్ణి ఉంచకూడదు. అయితే మరో పని ఇవ్వవచ్చని మిల్లులో ఎవరికీ తోచలేదు.

హార్వే, నేను ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి తీసుకెళ్ళేసరికి ఆయన భార్య పైడమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది.

"ఇంకా ఏటి తియ్యడానికొచ్చారు బాబూ?" అంది తలెత్తకుండా.

హార్వే ఫ్రేము అప్పలకొండ చేతిలో పెట్టాడు. ఆయన అద్దమంతా వేళ్ళతో తడిమాడు.

"నా మొకం ఎలాగున్నాదిరా చినబాబూ? సూసుకొని మూడేళ్ళయింది."

"దొరలాగున్నావు మావా. ఎండకి అందరూ ఏడుపు మొకాలెట్టారు. నువ్వొక్కడివే లెక్కసెయ్యనేదు."

"వెచ్చగా తగిలిందిరా. కళ్ళు సికిలించాలని తట్టనేదు," అన్నాడు అప్పలకొండ. "గొయ్యొస్తే గొయ్యని సెప్పీవోడివి, రాయొస్తే రాయని సెప్పీవోడివి. ఎండని కూడా ఓ మాట సెప్పవలిసింది."

చినబాబు బయటికి వెళ్ళి సైకిల్ తాళం తీసి, క్యారియర్ ఆయన చేతికి అందేలా గుమ్మం ముందుకు తెచ్చి నిలబెట్టాడు.