ఎత్తినవి, దించినవి

మొన్న ఆదివారం యాకుత్‌పురా నుంచి ఫోన్ వచ్చింది. "మామ పోయిండు సారూ. పాలు పోసొచ్చి కుర్చీల కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది ఆయన కోడలు. ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఇరవై ఏళ్ల కిందట నేను ఇచ్చి తప్పిన మాట. "మీరు పెట్టిన పేర్లలో ఒక్కటి కూడా పోదు, నాది పూచీ" అన్నాను. పోయాయి.

ఆయన రైల్వే స్టేషన్ వెనక ఒక ప్రైవేటు బడిలో పెద్ద గుమాస్తా. తరతరాలుగా పాల వ్యాపారం చేసిన ఇల్లు. పొద్దున బర్రెల పని చూసుకుని, తలకు నూనె రాసుకుని, అందరికంటే ముందు బడికి వచ్చేవాడు. కంప్యూటర్ గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్న మనిషికి ఆ గది ఎంత గర్వమో, తాళం తీసేటప్పుడు చూస్తే తెలిసేది.

బడి పాత రికార్డులన్నీ ఆయనే స్కాన్ చేశాడు. ఒక్కో ఫైలుకు ఆ విద్యార్థి పేరే పెట్టాడు. తెలుగు పిల్లల పేర్లు తెలుగులో, ఉర్దూ పిల్లల పేర్లు ఉర్దూలో. ఒకే పేరు ఇద్దరికుంటే తండ్రి పేరు, అదీ ఒకటైతే గల్లీ పేరు కలిపేవాడు. నంబర్లు వేసుకోవచ్చు కదా అన్నాను ఒకసారి.

"నంబరు జైల్ల ఇస్తరు సారూ. బళ్లె పేరుంటది" అన్నాడు.

నేను ఆ బడికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కంపెనీలో పనిచేసేవాణ్ణి. కంప్యూటర్‌ను నడిపే విండోస్ అనే వ్యవస్థ నుంచి లినక్స్ అనే ఇంకో వ్యవస్థకు దాన్ని మార్చే పని నాకు పడింది. మా మేనేజర్ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎక్కడో ఒకచోట అచ్చయిందని మురిసిపోతాడు. పుస్తకం అన్నది తెరవకుండానే అన్నీ తెలిసిన మనిషి. "ఫైళ్లే కదా, కాపీ కొట్టేయండి. పాత కంప్యూటర్ మీదే కొత్తది ఎక్కించేద్దాం, శుక్రవారానికల్లా అయిపోవాలి" అన్నాడు.

ఫైళ్లే, కానీ పేరును విండోస్ దాచుకునే తీరు వేరు, లినక్స్ దాచుకునే తీరు వేరు. మధ్యలో రెండు భాషలూ తెలిసిన దుబాసీ లాంటి పరికరం కావాలి. ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టడానికి నేను వాడిన ప్రోగ్రాం పాతది, ఇంగ్లీషు తప్ప ఏమీ రానిది. తనకు తెలియని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. అది నాకు తెలిసి ఉండాల్సింది. నా ఉద్యోగమే అది.

ఆ రోజు ముందుగా లినక్స్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో మూట విప్పి చూస్తుంటే తెర నిండా ప్రశ్నార్థకాలు.

"సారూ, గిదేంది? పేర్లేవి?" అన్నాడు గుమాస్తా, నా భుజం మీంచి చూస్తూ.

"పేర్లు లోపల బాగానే ఉంటాయండీ. ఈ కంప్యూటర్లో మన అక్షరాల ఫాంట్ లేదు, అందుకే అలా కనిపిస్తున్నాయి. రేపు ఎక్కిస్తాను."

"జర ఆగుండ్రి, గిన్‌తీ చేద్దాం. బండ్ల ఎన్ని క్యాన్లు ఎత్తినమో యాదుంటే సాలదు సారూ. దించినంక లెక్కవెట్టాలె. మా బాపు మాట."

నాకు నవ్వొచ్చింది. "ఇది పాలబండి కాదండీ. యంత్రం లెక్క తప్పదు" అన్నాను. పాత డిస్కు తుడిచేసే ఆజ్ఞ నా వేలితోనే ఇచ్చాను.

మర్నాడు ఫాంట్ ఎక్కించాను. ప్రశ్నార్థకాలు ప్రశ్నార్థకాలుగానే ఉన్నాయి. అంతకంటే ఘోరం, ఫైళ్లు తగ్గాయి. సమానంగా అక్షరాలున్న పేర్లన్నీ అన్నే ప్రశ్నార్థకాలై, ఒకే పేరుగా మారి, మూటలోనే ఒకదాని మీద ఒకటి పడి తుడిచేసుకున్నాయి. ఆయన అడిగినట్టు ఒక్కసారి లెక్కపెట్టి ఉంటే, పాత డిస్కు ఉండగానే తెలిసిపోయేది.

బడి కరెస్పాండెంట్ ముందు పంచాయితీ పెట్టారు. మా మేనేజర్ టై సవరించుకుని, "ఫైళ్లకు ఇంగ్లీషులో కాకుండా పేర్లు పెట్టడం వల్లే వచ్చిందండీ ఇదంతా. ఆపరేటర్ తప్పు" అన్నాడు. గుమాస్తా నావైపు ఒకసారి చూశాడు. నేను టీ కప్పులోకి చూశాను.

"పేర్లు వెట్టింది నేనే సార్" అన్నాడాయన. అంతే. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బల్లమీద పెట్టాడు. ఆయన్ని ఫీజుల కిటికీ దగ్గరికి పంపారు. ఆ గదిని మళ్లీ ఆయనకు ఇవ్వలేదు.

కానీ ఆ వేసవి సెలవులంతా, ఎవరూ అడగకుండా, ఆయన ఆ గదిలోనే కూర్చున్నాడు. తాళం ప్యూను తీసేవాడు. మిగిలిన ఒక్కో ఫైలూ తెరిచి, కాగితం మీది పేరు చదివి, మళ్లీ ఆ పేరే పెట్టాడు. పోయినవాటిని పాత కట్టల్లోంచి తీసి మళ్లీ స్కాన్ చేశాడు. రెండోరోజు నుంచి నేనూ వెళ్లాను. క్షమాపణ చెప్పబోతే, "జర ఆ కట్ట ఇటియ్యుండ్రి సారూ, ఫికర్ జేస్తే పేర్లొస్తయా?" అన్నాడు.

ఆ తర్వాత నేను ఎన్నో ప్రోగ్రాములు ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి మోశాను. ముందుగా ఒక తెలుగు పేరు, ఒక ఉర్దూ పేరు పెట్టి అటూ ఇటూ పంపి చూసేవాణ్ణి. దించాక లెక్కపెట్టందే పాతది ముట్టలేదు. ఒక్క పేరూ మళ్లీ పోలేదు. నన్ను చూసి నిపుణుడన్నారు. నా ఇంట్లో గోడల నిండా పుస్తకాలున్నాయి. ఈ పనికి పనికొచ్చిన మాట మాత్రం ఒక పాలబండి మీంచి వచ్చింది.

నిన్న పరామర్శకు వెళ్లాను. కోడలు ఆయన పెట్టెలోంచి ఒక నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. "మీ కంప్యూటర్ సంగతేదో రాసిండు సారూ, సదువుండ్రి." ఆ వేసవిది. పేజీల నిండా పేర్లు. ఎడమ నుంచి తెలుగు, కుడి నుంచి ఉర్దూ, ఒక్కోదానికి పక్కన టిక్కు. చివరి పేజీలో రెండు అంకెలు: ఎత్తినవి, దించినవి. రెండూ సమానం. వాటి కింద ఒక వాక్యం: "తప్పు నాది, ఆ దినం లెక్కవెట్టలే."

ఇన్నేళ్లూ మేనేజర్‌ని తిట్టుకుంటూ బతికాను. ఇకముందూ తిడతాను, అందుకు అర్హుడే. కానీ ఆ వాక్యం తప్పు, పెద్దాయనా. నువ్వు లెక్కపెడతానన్నావు. పెట్టనివ్వనిది నేను.