ఆఖరి బిందె

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే మా ఆఫీసులో సర్వర్ చూసుకునే అన్న ఒకాయన ఉండేవాడు. కొత్త డిస్కు బిగించిన ప్రతిసారీ కొంత జాగా ఎవరికీ ఇయ్యకుండా పక్కన పెట్టేవాడు.

"అంతా కలిపేస్తే పోలా అన్నా?"

"ఇంట్లో ఉండే ఆఖరి బిందె నీళ్ళు కూడా ముంచేసుకుంటామా? ఏమప్పా, యాడ పుట్టినావు నువ్వు!"

పోయిన నెల గుండె ఆగి అన్న పోయినాడు. నిన్న సర్వర్ నిండిపోయి డిజైన్లు సేవ్ కాలేదు.

"ఆయప్ప ఫోల్డరు తీసేయ్. పోయినోనికి ఎందుకు?" అన్నాడు ఓనరు.

అందులో అన్న వాళ్ళ నాయన చేత్తో గీసిన చీర అంచులున్నాయి. వేరే కాపీ లేదు. తీసేయకుండా వేరే దారి చూసినాను. వెతికితే, అన్న పక్కన పెట్టిన జాగా అట్లే ఉంది. దాన్ని డిజైన్లుండే వాల్యూముకు, అంటే డిస్కులో వాటికిచ్చిన భాగానికి, కలిపినాను. అయినా సైజు పెరగలేదు. జాగా కలిపినాక, ఫైళ్ళను సర్ది పెట్టే ఫైల్ సిస్టమ్‌ను కూడా పెంచాలని ఆయన వందసార్లు చెప్పినాడు. నేను గంగిరెద్దులా వందసార్లూ తలూపినాను. గుర్తొచ్చి అదీ చేసినాను.

డిజైన్లు సేవ్ అయినాయి. ఫోల్డరూ నిలిచింది. పక్కన మిగిలిన జాగా సున్నా అని తెర మీద పడింది.

ముంచేసినానన్నా. ఇంక తిట్టేదానికీ నువ్వు లేవు.