పైడమ్మ కింది పెదవి కోసం పాతపట్నం దాకా

నా భార్య సరోజ పోయిన రోజు శుక్రవారం. ఉదయం డాక్టరు చూసి వెళ్ళాక రెండు చెంచాల బార్లీ నీళ్ళు తాగింది. మధ్యాహ్నం మా అమ్మాయి హారిక తనకు రెండో నెల అని చెప్పింది. సరోజ నవ్వి, "పురిటికి మా అమ్మని తెచ్చుకో" అంది. చీకటి పడకముందే పోయింది.

ఈ బ్లాగులో ఇన్నాళ్ళూ ఇద్దరి ప్రయాణాలే రాశాను. ఇది ఒక్కడి ప్రయాణం. అత్తమ్మను తీసుకురావడానికి.

ఆమె రానన్నారు. ఫోనులో ఒకటే మాట: "నా సెయ్యి మంచిది కాదు బాబూ." సరోజ పై పెదవి చీలి పుట్టింది. మనవాళ్ళు గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉన్న అత్తమ్మ గ్రహణం వేళ దోసకాయ కోశారట, మామగారు పొలం నుంచి ఆకలితో వచ్చారని. ఆ కోతే బిడ్డకు తగిలిందని అందరూ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది ఆమె ఆడపడుచు పైడమ్మ. అత్తమ్మ నమ్మారు. ఆ తర్వాత దోసకాయ కోయలేదు. ఇప్పుడు కడుపుతో ఉన్న మనవరాలి దగ్గరకు రావాలంటే భయం.

హారికను విశాఖలో జన్యువుల డాక్టరమ్మకు చూపించాను. చాలా కుటుంబాల్లో మొర్రికి కారణం ఒక్కటి కాదనీ, ఎన్నో జన్యువులూ గర్భంలోని పరిస్థితులూ కలిస్తే వస్తుందనీ, గ్రహణానికి ఇందులో పనేమీ లేదనీ ఆమె చెప్పారు. సరోజ ఫోటో చూసి, కింది పెదవి మీద ఆ రెండు చిన్న గుంటలేమిటని అడిగారు. చిన్నప్పటి ఆపరేషను కుట్లు అన్నాను. పై పెదవికి ఆపరేషను చేస్తే కింద కుట్లెందుకు వేస్తారు అన్నారు. డాక్టరు సూది పదును చూసుకున్నాడని ముప్పై ఏళ్ళు సరోజను ఏడిపించాను. తనూ నవ్వేది.

అలా గుంటలుండే రకం ఒక్క జన్యువు మార్పుతో వస్తుందట. అమ్మ వైపు నుంచైనా నాన్న వైపు నుంచైనా రావచ్చు. ఒకరికి మొర్రి వస్తే, ఇంకొకరికి గుంటలు మాత్రమే ఉండవచ్చు. హారికకు గుంటలు లేవు, ఐదో నెల స్కానింగులో బిడ్డ పెదవి బాగుంది. "పెద్దవాళ్ళ కింది పెదవులు చూసి రండి" అన్నారు డాక్టరమ్మ.

విజయనగరంలో ఉదయం పాసింజరు ఎక్కాను. అప్పటికే నా కళ్ళు అందరి మూతుల మీదే ఉన్నాయి. చీపురుపల్లిలో ఎక్కిన వేరుశెనగకాయల ఆమె గంప దించి, "కాయలు సూడు బాబూ, నా మూతిలో ఏటున్నాది?" అంది. సిగ్గుపడి రెండు పొట్లాలు కొన్నాను. ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుకు షేర్ ఆటో ఎక్కితే, డ్రైవరు కాసేపు ఓర్చుకుని అద్దం పక్కకు తిప్పేశాడు. కాంప్లెక్సు దగ్గర పెసరట్టు ఉప్మా బాగుంది. పాతపట్నం బస్సుకు రెండు గంటలు పట్టింది. కిటికీ పక్కన సీటు దొరికింది. వరి ఊడ్పులు జోరుగా ఉన్నాయి. పక్క సీటు ఖాళీగా ఉంటే సంచి పెట్టాను.

అత్తమ్మ గుమ్మంలోనే ఉన్నారు. ముందు ఆమె పెదవి చూశాను. నున్నగా ఉంది. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. అన్నం తింటూ డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. ఆమె విన్నారు, మజ్జిగ పోశారు, నమ్మలేదు.

భోజనం అయ్యేసరికి పైడమ్మ పెద్దమ్మ వచ్చింది. ఎనభై దాటింది. నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. మూతి ఎప్పుడూ చుట్ట చుట్టూ బిగిసే ఉంటుంది. చేతిలో తన పాదుకు కాసిన పచ్చటి దోసకాయ. దాన్ని అరుగు మీద పెట్టి, నన్ను పలకరించడానికి చుట్ట తీసింది.

కింది పెదవి మీద రెండు గుంటలు. సరోజవే.

"ఏటి బాబూ, అలా నాకేసి సూస్తన్నావు? సుట్ట కావాలా?"

గోడకున్న అద్దం తీసి ఆమె చేతికిచ్చాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆమె పెదవి లాగి చూసుకుంది, వేలితో తడిమింది.

"మా యమ్మకీ ఉండీవి ఇవి. సక్కటి మూతని ఊరంతా అనీది." అత్తమ్మ వైపు తిరిగింది. "అయితే నర్సా, మొర్రి మా యింటిదేనేటే?"

"యాభై ఏళ్ళు దోసకాయ మీద ఎట్టీసినావు గదా వదినా" అన్నారు అత్తమ్మ.

"నా మూతి నాకు కనిపిస్తాదేటే? కంటికెదురుగా నువ్వున్నావు, నిన్నన్నాను." చుట్ట ఆరిపోయింది. వెలిగించుకోలేదు. "ఎల్లు. మనవరాలికాడికి ఎల్లు. నీ సేతిలో ఏటీ లేదు."

అత్తమ్మ ముందు నవ్వారు. తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పైడమ్మ పెద్దమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి, మీ డాక్టరమ్మకి మా నోరు కూడా సూపించాల్రా అని నాతో అంది. ముగ్గురం నవ్వాం.

గ్రహణం మొర్రి అని నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఆ మాటలోనే తల్లి మీద నేరం ఉందని ఎప్పుడూ తోచలేదు. జన్యువు మార్పు ఎవరూ చేసే పని కాదు. దానికి దోసకాయ అక్కర్లేదు. ఈ సంగతి సరోజకు చెప్పాల్సింది. కుట్లు కావని కూడా.

మీ ఇంట్లో మొర్రితో పుట్టినవారుంటే, జన్యువుల డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు రెండు వైపుల పెద్దవాళ్ళనూ స్వయంగా చూసి రండి. ఫోనులో పెదవి కనబడదు. ఎందుకు చూస్తున్నారో మాత్రం ముందే చెప్పండి.

అత్తమ్మ సంచి సర్దుకున్నారు. బస్సెక్కేముందు దోసకాయ పప్పు వండుతారట. రేపు ఉదయం లేవగానే కత్తిపీట కడిగి ఆమె ముందు పెడతాను.