కొత్తచొక్కాయన

గోడౌన్‌లో ఆయన్ని అందరూ కొత్తచొక్కాయన అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. పాతబట్టల మూటల మధ్య పొద్దస్తమానం పనిచేస్తూ, ఒంటిమీద మాత్రం మడత నలగని చొక్కాతో తిరిగే మనిషికి ఇంకో పేరెందుకు? ఆస్తి లేదు, అంతస్తు లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క గొప్ప: "మా ఇంట్లో ఒకడు విడిచిన గుడ్డ ఇంకొకడు తొడగడు." ఆ మాట చెప్పుకోనిదే ఆయనకు టీ కూడా గొంతు దిగేది కాదు.

ఆయన పని బట్టలు ఏరడం. ఇనుపపట్టీ తెంపగానే బట్టల బేలు ఉబ్బి బల్ల మీదకు ఒరిగేది. ఒక్కో బట్ట అంచూ రెండు వేళ్ల మధ్య నలిపి, దాని జాతకం చెప్పి విసిరేవాడు. చెక్కుచెదరనివి పైరకం కుప్పలోకి. చిరిగిన నూలుబట్టలు తుడుపుగుడ్డలకు, అవి గ్యారేజీల వాళ్లు కొంటారు. మిగతా చెత్తంతా చీల్చే యంత్రంలోకి, పరుపుల్లో కూరడానికి. అసలు సంగతేమిటంటే, బేలు మొత్తాన్నీ పోషించేది ఆ పైరకం కుప్పే. తక్కిన రెండూ కలిపి లారీ కిరాయికి సరిపోతే అదే పదివేలు. అంటే గోడౌన్‌లో అందరి జీతాలూ ఎవరో విడిచిన మంచి చొక్కాల్లోంచే వచ్చేవి. ఈయనదీనూ. అయినా సరే, మంచి చొక్కా చేతికి తగిలినప్పుడల్లా మూతి మూడు వంకర్లు తిప్పేవాడు. "ఏ దరిద్రుడికి రాసిపెట్టి ఉందో ఈ ఎంగిలి!" అని విసిరేవాడు.

ఆ పైరకం కొనుక్కుపోయి బజారు మూల చిన్న దుకాణంలో అమ్ముకునేది ఆయన బావమరిదే. అదీ ఆయనకు తలవంపు. అక్కను చూడ్డానికని ఆ మనిషి ఇంటికొస్తే, ఈయన ముందుగా కుర్చీ మీద పేపరు పరిచేవాడు.

"ఎవరెవరి చెమటో మోసుకొచ్చి ఉంటావు. కుర్చీకి అంటుతుందిరా!"

బావమరిది నవ్వేసి, పేపరు నలగకుండా అంచున కూర్చునేవాడు. వంటింట్లో భార్య గిన్నె ఠంగుమని పెట్టేది. ఆ ఠంగు ఎందుకో అడగాలన్న ఇంగితం ఈయనకు ఉంటే కదా!

బట్టలు కొనే పని భార్యదే. "ధర చూడకు, సరుకు చూడు" అని హితబోధ చేసి మరీ డబ్బు చేతిలో పెట్టేవాడు. ఆవిడ తెచ్చేది. పైన కవరు, లోపల అట్ట, కాలరు కింద గుండుసూదులు. ఆ సూదులు ఒక్కొక్కటే పీకి పళ్లెంలో వేసుకోవడమంటే ఆయనకు ఎంత సంబరమో! పెళ్లిలో ముక్కూ మొహం తెలియనివాడి చొక్కా కూడా నలిపిచూసి చప్పరించే ఈ మహానుభావుడు, తన చొక్కాను మాత్రం ఏనాడూ నలిపి చూసుకోలేదు. కవర్లోంచి వచ్చింది కదా, ఇంకా పరీక్షేమిటి!

కొంతకాలంగా బేళ్లలో పైరకం పడిపోతూ వచ్చింది. అంతా పల్చటి సరుకు, రెండు ఉతుకులకే సాగి జావగారిపోయే రకం. యజమాని తలపట్టుకున్నాడు. "చవకబారు జనం, చవకబారు బట్టలు" అని కొత్తచొక్కాయన తేల్చిపారేశాడు. ఆ రోజుల్లోనే భార్య ఆయనకు నీలం చొక్కా ఒకటి తెచ్చింది, తళతళా మెరుస్తూ. రెండోసారి ఉతికాక అది తొడుక్కుని, బేలు దించడానికి చెయ్యెత్తాడో లేదో, చంక దగ్గర మొదలై నడుందాకా పర్రున చిరిగింది.

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లు కాసేపు నవ్వు బిగబట్టారు. వాళ్లలో పెద్దావిడ, వేలాడుతున్న ముక్కను అచ్చం ఆయనలాగే రెండు వేళ్ల మధ్య నలిపింది.

"తుడుపుగుడ్డకి కూడా రాదయ్యా ఇది. నూనె పీల్చదు" అని, చీల్చే యంత్రం వైపు చెయ్యి చూపించింది. ఇక ఆ నవ్వులు గేటుదాకా వినబడ్డాయి.

ఇంటికొచ్చి చిందులు తొక్కాడు.

"ఏ దిక్కుమాలిన కొట్లో కొన్నావే ఇది? ఇన్నేళ్లూ తెచ్చినవి ఎంత గట్టిగా ఉండేవి! ఎప్పుడూ కొనే కొట్లోనే కొని చావొచ్చుగా!"

భార్య కుట్టుమిషన్ ఆపింది. "ఆ కొట్లో ఇప్పుడు సరుకు లేదండీ."

"ఏం కొట్టు అది?"

"మా తమ్ముడిది."

ఆవిడ అక్కడితో ఆగలేదు.

"ఇన్నేళ్లూ మీరు తొడిగినవన్నీ వాడి దగ్గరివే. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, అట్టా సూదులూ పెట్టి కవర్లో దోపింది నేనే. మిగిలిన డబ్బులతోనే ఈ మిషన్ కొన్నాను. నిజంగా కొత్తది కొన్నది ఇదొక్కటే. చూశారుగా దాని వైభోగం!"

సిగ్గులేదా అని అరవబోయాడు. ఆ మాట ఎవరికి తగులుతుందో తెలిసి మింగేశాడు.

మర్నాడు బావమరిదిని నాలుగు కడిగేద్దామని దుకాణానికి వెళ్లాడు. కొక్కేలు సగం ఖాళీగా ఉన్నాయి. బావను చూడగానే ఆ మనిషి కంగారుగా లేచి, స్టూలు ముందుకు జరిపి, దాని మీద పేపరు పరిచాడు. వెటకారం కాదు. బావకు పట్టింపు కదా అని నిజంగానే పరిచాడు.

ఆ పేపరు చూసేసరికి, దారి పొడుగునా కూర్చుకున్న తిట్లు ఒక్కటీ బయటికి రాలేదు.

"అన్నన్ని మాటలు పడ్డావు కదరా. నా ఒంటిమీదున్నది నీ చొక్కానే అని ఒక్కసారైనా అనకపోయావా?"

"నాదేముంది బావా? ఏరింది మీరే కదా! మీరు పైరకంలో వేసినవాటిలోంచే మీ కొలతవి తీసి దాచేవాణ్ణి. మీరు మంచిదన్నాక ఇంక దానికి తిరుగేముంది?"

ఆయన పేపరు తీసేసి, మడిచి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. బావమరిది గల్లాపెట్టె వెనక నుంచి ఒక తెల్ల చొక్కా తీశాడు.

"మొన్నటి మూటలో ఇదొక్కటే దొరికింది. మీకోసమే ఉంచా."

ఆయన దాని అంచు రెండు వేళ్ల మధ్య నలిపాడు. మేలైన నూలు. గుండీలు చూసి గుర్తుపట్టాడు కూడా. మొన్న ఎంగిలి అని మూతి తిప్పుకుని తను విసిరింది దీన్నే.

వీధిలోకి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఒరే, అట్టముక్కా గుండుసూదులూ పెట్టి ఇవ్వు."